కథోలిక నౌకాదళ చాప్లెయిన్ (యుద్ధకాలం)

నౌకాదళంలో అధికారి హోదాతో చేరి, నావికులకు మతపరమైన సేవలందించే కథోలిక గురువును కథోలిక నౌకాదళ చాప్లెయిన్ అంటారు. దివ్యబలిపూజ సమర్పించడం, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినడం, మరణావస్థలో ఉన్నవారికి అభ్యంగనం (పవిత్ర తైలంతో గుర్తు వేసే సంస్కారం) ఇవ్వడం, చనిపోయినవారికి అంత్యక్రియలు జరపడం ఈయన ప్రధాన విధులు. ఈయన ఆయుధం పట్టడు, ఓడను నడిపే అధికారమూ ఈయనకు ఉండదు. అయినా యుద్ధనౌకపై సిబ్బందితోపాటు ప్రమాదాన్ని సమానంగా ఎదుర్కొంటాడు. పదాతిదళానికి పోరు జరిగే వరుస ఒకటి, దాని వెనుక కొంత భద్రమైన ప్రాంతం ఒకటి ఉంటాయి. ఓడకు అలాంటి విభజన లేదు. ఓడ మునిగితే వంటవాడు, వైద్యుడు, గురువు అందరూ నీటిలోనే పడతారు. నౌకాదళ చాప్లెయిన్ జీవితం సైన్యంలోని ఇతర చాప్లెయిన్ల జీవితానికి భిన్నంగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే.

ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికా నౌకాదళాన్ని, రెండో ప్రపంచ యుద్ధ కాలాన్ని ఆధారంగా చేసుకుని ఈ వృత్తి చరిత్రను, రకాలను, పని తీరును, ప్రముఖుల జీవితాలను వివరిస్తుంది.

పదం పుట్టుక

చాప్లెయిన్ అనే మాటకు మూలం లాటిన్‌లోని 'కప్పా', అంటే పైవస్త్రం. నాలుగో శతాబ్దంలో రోమన్ సైనికుడిగా ఉండి, తర్వాత తూర్ నగర పీఠాధిపతి అయిన పునీత మార్టిన్ చలికి వణుకుతున్న ఒక బిచ్చగాడికి తన పైవస్త్రంలో సగం కోసి ఇచ్చాడని సంప్రదాయ కథ. ఆ వస్త్రాన్ని ఫ్రాంకుల రాజులు పవిత్ర అవశేషంగా భద్రపరిచి యుద్ధాలకు వెంట తీసుకెళ్లేవారు. దానికి కాపలాగా ఉన్న గురువులను 'కప్పెల్లాని' అనేవారు. చాపెల్, చాప్లెయిన్ అనే రెండు మాటలూ దీని నుంచే వచ్చాయి. నావికులు వాడుకలో చాప్లెయిన్‌ను 'పాద్రే' అని పిలుస్తారు. కథోలికులైతే 'ఫాదర్' అంటారు.

చరిత్ర

ప్రారంభ దశ: క్రీ.శ. 742లో జరిగిన జర్మానియా మహాసభ గురువులు ఆయుధాలు ధరించి పోరాడటాన్ని నిషేధించింది. దివ్యబలిపూజ కోసం, పాపసంకీర్తనం వినడం కోసం కొందరు గురువులు సైన్యంతో వెళ్లేందుకు మాత్రం అనుమతించింది. గురువు యుద్ధానికి వెళ్లవచ్చు కానీ యుద్ధం చేయరాదనే నియమానికి పునాది ఇక్కడే పడింది. 1571లో ఒట్టోమన్ నౌకాదళంతో లెపాంటో వద్ద పోరాడిన క్రైస్తవ కూటమి ఓడల్లో కపూచిన్ సభ, యేసు సభ గురువులు సేవలందించారు.

అమెరికా నౌకాదళం: అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో 1775 నవంబరు 28న ఆమోదించిన నౌకాదళ నియమాలు ఓడలపై దైవారాధన జరపాలని నిర్దేశించాయి. అమెరికా నౌకాదళ చాప్లెయిన్ల విభాగం నేటికీ ఆ తేదీనే తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. అయితే తొలి శతాబ్దంలో ఈ పదవులు ప్రొటెస్టెంట్ పాస్టర్లకే దక్కాయి. 1888లో చార్ల్స్ హెన్రీ పార్క్స్ నియమితుడయ్యాక గానీ ఆ నౌకాదళంలో కథోలిక గురువు అధికారికంగా అడుగుపెట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం: చాప్లెయిన్ల విభాగానికి 1917లో మొదటిసారి ఒక అధిపతిని నియమించారు. అదే సంవత్సరం న్యూయార్క్‌కు చెందిన పాట్రిక్ హేస్‌ను పోపు అమెరికా సైనికుల పీఠాధిపతిగా నియమించారు. దీంతో వేర్వేరు మేత్రాసనాల (పీఠాధిపతుల పరిధుల) నుంచి వచ్చిన గురువులందరికీ ఒకే మతాధికారి ఏర్పడ్డారు. 1918 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ తీరంలో 'ఫ్లోరెన్స్ హెచ్' అనే మందుగుండు ఓడ పేలిపోయినప్పుడు నీటిలో పడినవారిని రక్షించినందుకు ఫాదర్ విలియం మగ్వైర్‌కు నేవీ క్రాస్ పతకం లభించింది.

రెండో ప్రపంచ యుద్ధం: ఈ యుద్ధంలో చాప్లెయిన్ల సంఖ్య మునుపెన్నడూ లేనంతగా పెరిగి రెండు వేలు దాటింది. న్యూయార్క్ అగ్రపీఠాధిపతి ఫ్రాన్సిస్ స్పెల్‌మన్ 1939 నుంచి సైనికుల మేత్రాసన బాధ్యత వహించారు. మేత్రాసనాల నుంచీ, యేసు సభ వంటి మఠవాస సభల నుంచీ గురువులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. విచారణల్లో (పారిష్‌లలో), కళాశాలల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారు కొన్ని వారాల శిక్షణతోనే ఓడలెక్కారు.

యుద్ధానంతర కాలం: కొరియా, వియత్నాం యుద్ధాల్లోనూ కథోలిక చాప్లెయిన్లు పనిచేశారు. 1985లో అమెరికా సైనిక సేవలకు ప్రత్యేక అగ్రపీఠం ఏర్పడింది. 1986లో పోపు రెండో జాన్ పాల్ 'స్పిరితువాలి మిలితుం కూరే' అనే శాసనం ద్వారా ప్రపంచవ్యాప్తంగా సైనిక పీఠాలకు మేత్రాసనాలతో సమానమైన స్థాయి కల్పించారు.

చట్టపరమైన స్థానం

రెండు అధికారాలు: కథోలిక చాప్లెయిన్ ఏకకాలంలో ఇద్దరికి జవాబుదారీ. హోదా, జీతం, బదిలీ, క్రమశిక్షణ వంటివన్నీ నౌకాదళం చేతిలో ఉంటాయి. సంస్కారాలు జరిపే అధికారం మాత్రం శ్రీసభ (కథోలిక చర్చి) నుంచి వస్తుంది. సొంత పీఠాధిపతి లేదా సభాధిపతి విడుదల చేస్తేనే గురువు నౌకాదళంలో చేరగలడు. సైనిక పీఠాధిపతి అనుమతి ఉంటేనే ఓడపై పాపసంకీర్తనం వినగలడు. శ్రీసభ ఆ అనుమతిని ఉపసంహరిస్తే అతను చాప్లెయిన్‌గా కొనసాగలేడు.

హోదా: అమెరికా నౌకాదళంలో చాప్లెయిన్‌కు లెఫ్టినెంట్, కమాండర్ వంటి హోదాలు ఉంటాయి. కాలర్‌పైన, భుజంపైన హోదా గుర్తుతోపాటు సిలువ గుర్తు ధరిస్తాడు. హోదా ఉన్నా, సైనికులను పోరాటానికి ఆజ్ఞాపించే అధికారం ఉండదు. బ్రిటిష్ రాయల్ నేవీలో పద్ధతి వేరు. అక్కడ చాప్లెయిన్‌కు ఏ హోదా ఉండదు. ఎవరితో మాట్లాడుతుంటే వారి హోదానే అతనిదని భావిస్తారు. అందువల్ల కింది స్థాయి నావికుడు కూడా జంకు లేకుండా మాట్లాడగలడు. భారత సైన్యంలో మత బోధకులు జూనియర్ కమిషన్డ్ అధికారులుగా ఉంటారు. పండిట్, గ్రంథి, మౌల్వీలతోపాటు పాద్రేలను కూడా ఈ పదవుల్లో నియమిస్తారు.

అంతర్జాతీయ చట్టం: 1949 నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం చాప్లెయిన్లు పోరాటంలో పాల్గొనని రక్షిత వ్యక్తులు. సముద్ర యుద్ధానికి సంబంధించిన రెండో ఒప్పందంలోని 36, 37 అధికరణలు ఆసుపత్రి నౌకల్లో, ఇతర ఓడల్లో ఉన్న మత సిబ్బందికి రక్షణ కల్పిస్తాయి. శత్రువుకు చిక్కినా వారు గాయపడినవారికి సేవ కొనసాగించవచ్చు. ఆ అవసరం తీరాక వారిని వీలైనంత త్వరగా వెనక్కి పంపాలి. యుద్ధఖైదీల మధ్య సేవకోసం ఉంచుకున్నా వారిని ఖైదీలుగా పరిగణించరాదని మూడో ఒప్పందం చెబుతుంది. వీటి అమలుకు ఒక ఆచరణాత్మక పరిమితి ఉంది. టార్పెడో ఓడను తాకేటప్పుడు అందులో ఎవరున్నారో చూడదు. యుద్ధనౌక చట్టబద్ధమైన లక్ష్యమే కాబట్టి, అందులోని గురువుకు కాగితంపై ఉన్న రక్షణ చాలాసార్లు ఉపయోగపడదు.

చాప్లెయిన్ల రకాలు

పని స్థలాన్ని బట్టి నౌకాదళ చాప్లెయిన్లను ఇలా విభజించవచ్చు.

పెద్ద ఓడల చాప్లెయిన్లు: విమానవాహక నౌకలు, యుద్ధనౌకలు, క్రూజర్లపై శాశ్వతంగా ఉంటారు. వేలాది మంది ఉండే విమానవాహక నౌకపై సాధారణంగా ఒక కథోలిక గురువు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్ ఉంటారు.

సంచార చాప్లెయిన్లు: డెస్ట్రాయర్ల వంటి చిన్న ఓడలకు ప్రత్యేకంగా చాప్లెయిన్ ఉండడు. ఒకే గురువు అనేక ఓడల మధ్య తిరుగుతాడు. నడిసముద్రంలో రెండు ఓడలు పక్కపక్కన ఒకే వేగంతో సాగుతుండగా మధ్య కట్టిన తాడుకు వేలాడే కుర్చీలో కూర్చోబెట్టి గురువును ఒక ఓడ నుంచి మరో ఓడకు దాటించేవారు. తర్వాతి కాలంలో ఈ పనికి హెలికాప్టర్లు వచ్చాయి.

మెరైన్ దళ చాప్లెయిన్లు: అమెరికా మెరైన్ దళానికి సొంత చాప్లెయిన్లు లేరు. నౌకాదళమే వారిని పంపుతుంది. అందువల్ల నౌకాదళ గురువు ఓడకు దూరంగా, నేలపై కందకాల్లో పనిచేయాల్సి రావచ్చు (చూ. విన్సెంట్ కపొడానో).

ఆసుపత్రి, తీర స్థావరాల చాప్లెయిన్లు: ఆసుపత్రి నౌకలు, నౌకాదళ ఆసుపత్రులు, శిక్షణ కేంద్రాలు, ఓడరేవులు, విమాన స్థావరాల్లో పనిచేస్తారు. యుద్ధం ముగిశాక స్వస్థలాలకు చేరని నావికుల కుటుంబాలతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే బాధ్యత వీరిలో చాలామందిపై పడేది.

శిక్షణ

1942లో అమెరికా నౌకాదళం నార్ఫోక్‌లో చాప్లెయిన్ల పాఠశాల తెరిచింది. 1943లో దాన్ని విలియమ్స్‌బర్గ్‌లోని విలియం అండ్ మేరీ కళాశాలకు మార్చారు. నౌకాదళ నియమాలు, మర్యాదలు, ఓడ నిర్మాణం, ఈత, ప్రథమ చికిత్స, ఉత్తరాల నిర్వహణ, వేర్వేరు మతాల అవసరాలను గుర్తించడం అక్కడ నేర్పేవారు. కథోలిక గురువులు, ప్రొటెస్టెంట్ పాస్టర్లు, యూదు రబ్బీలు ఒకే తరగతిలో కూర్చునేవారు. తన మతానికి చెందిన సంస్కారాలు తానే జరపడం, ఇతర మతాలవారికి వారి ఆరాధన అందేలా ఏర్పాటు చేయడం, మతం ఏదైనా ప్రతి ఒక్కరి బాగోగులు చూడటం చాప్లెయిన్ కర్తవ్యమని అక్కడి బోధన సారాంశం.

చాప్లెయిన్ సహాయకులుగా పనిచేసే నావికులకు 1942లో ప్రత్యేక శ్రేణి ఏర్పాటు చేశారు. ఆర్గాన్ వాయించడం, ఆరాధనకు స్థలం సిద్ధం చేయడం, టైపు చేయడం వారి పని. 1979లో ఏర్పడిన కొత్త శ్రేణి సహాయకులు యుద్ధ ప్రాంతంలో ఆయుధం ధరించి చాప్లెయిన్‌కు రక్షణగా కూడా ఉంటారు.

ఓడపై సాధారణ విధులు

దివ్యబలిపూజ: గురువు వెంట మోసుకెళ్లే పెట్టెలో పూజాపాత్ర, అప్పం, ద్రాక్షరసం, అభ్యంగన తైలం, పూజావస్త్రాలు ఉంటాయి. బల్లమీదో, ఖాళీ పెట్టెలమీదో, విమానాల మధ్య ఖాళీలోనో పీఠం ఏర్పాటు చేస్తారు. ఆరాధన జరుగుతున్నంతసేపు తెల్లని గుడ్డపై నీలి సిలువ ఉన్న త్రికోణ పతాకాన్ని ఎగరవేస్తారు. అమెరికా నౌకాదళంలో జాతీయ జెండాకు పైన ఎగరడానికి ఈ పతాకానికి అనుమతి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి నియమం ప్రకారం దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారు అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండాలి. పూజ ఉదయం వేళే జరగాలి. రాత్రంతా కాపలా కాసి వచ్చే నావికులకు ఇది సాధ్యం కాదు కాబట్టి యుద్ధకాలంలో సైనికులకు సడలింపులు ఇచ్చారు. 1953లో పోపు పన్నెండో పయస్ ఉపవాస నియమాన్ని విశ్వాసులందరికీ సడలించి, సాయంకాల పూజకు దారి తెరిచారు. సైనికుల అవసరంకోసం మొదలైన వెసులుబాటు ఈ విధంగా సాధారణ విచారణలకూ చేరింది.

మతేతర విధులు: ఓడ గ్రంథాలయం, సినిమా ప్రదర్శన, ఆటలు, ఓడ పత్రిక తరచు చాప్లెయిన్ బాధ్యతలుగా ఉండేవి. చదవడం, రాయడం సరిగా రాని నావికులకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఇంట్లో జబ్బు, అప్పు, విడాకులు, మరణం వంటి వార్తలు మొదట అతనికే చేరేవి. వాటిని సంబంధిత నావికుడికి చెప్పడం, అవసరమైతే సెలవుకోసం కెప్టెన్‌తో మాట్లాడటం అతని పని. పాపసంకీర్తనంలో విన్నది ఎవరికీ చెప్పకూడదనే శ్రీసభ నియమానికి సైనిక న్యాయంలోనూ గుర్తింపు ఉంది. ఓడలో అధికారులకు తెలుస్తుందన్న భయం లేకుండా నావికుడు మనసు విప్పగల చోటు చాప్లెయిన్ గది ఒక్కటే.

యుద్ధ సమయంలో విధులు

ముందు: దాడి జరగవచ్చని తెలిసినప్పుడు పాపసంకీర్తనానికి బారులు తీరతారు. ఒక్కొక్కరిదీ విడిగా వినే వ్యవధి లేనప్పుడు, ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు, గురువు అందరికీ కలిపి సామూహిక పాపవిమోచనం ఇవ్వవచ్చు. బతికి బయటపడినవారు తర్వాత వీలైనప్పుడు ఘోర పాపాలను విడిగా ఒప్పుకోవాలనేది షరతు.

పోరు సాగుతుండగా: ప్రతి నావికుడికీ పోరాట సమయంలో నిర్ణీత స్థానం ఉంటుంది. చాప్లెయిన్ స్థానం సాధారణంగా వైద్యశాల లేదా గాయపడినవారిని చేర్చే గది. కొన్ని ఓడల్లో చాప్లెయిన్ పైనుంచి చూస్తూ లౌడ్‌స్పీకర్‌లో పోరు ఎలా సాగుతోందో చెప్పేవాడు. బయట ఏం జరుగుతోందో కనిపించని ఇంజన్ గదివారికి ఈ సమాచారం ధైర్యాన్నిచ్చేది.

ఆ తర్వాత: మరణావస్థలో ఉన్నవారి నుదుట తైలంతో గుర్తు వేసి ప్రార్థిస్తాడు. గాయపడినవారు వందల్లో ఉన్నప్పుడు వాడేందుకు ఈ సంస్కారానికి సంక్షిప్త రూపం ఉంది. కథోలికుడో కాదో గుర్తించడానికి మెడలోని లోహపు బిళ్లపై ఉన్న మతసూచిక తోడ్పడుతుంది. ఓడ తీరానికి దూరంగా ఉంటే సముద్ర ఖననం జరుపుతారు. మృతదేహాన్ని కాన్వాసులో కుట్టి, కాళ్ల దగ్గర బరువు కడతారు. జెండా కప్పిన పలకపై ఉంచి, ప్రార్థన ముగిశాక పలకను వంచి నీటిలోకి జార్చుతారు. మృతుల కుటుంబాలకు ఉత్తరాలు రాయడంతో చాప్లెయిన్ విధి ముగుస్తుంది.

ప్రముఖ జీవితాలు

అలోషియస్ ష్మిట్ (1909–1941): అయోవా రాష్ట్రంలోని సెయింట్ లూకస్ అనే పల్లెలో పుట్టారు. డుబుక్‌లోని కళాశాలలో చదివి, రోములో 1935లో గురుపట్టం పొందారు. 1939లో నౌకాదళంలో చేరారు. 1941 డిసెంబరు 7 ఆదివారం ఉదయం పెర్ల్ హార్బర్‌లో 'ఓక్లహోమా' యుద్ధనౌకపై ఆయన దివ్యబలిపూజ ముగించిన కొద్దిసేపటికే జపాన్ విమానాలు దాడి చేశాయి. టార్పెడోల దెబ్బకు ఓడ నిమిషాల్లో బోల్తాపడింది. ఆయన ఉన్న గదిలో నీరు నిండుతుండగా గుండ్రటి చిన్న కిటికీ ఒక్కటే దారి. దాని గుండా బయటకు వెళ్లబోయి ఇరుక్కున్నారు. వెనుక మరికొందరు ఉన్నారని గ్రహించి, తనను తిరిగి లోపలికి నెట్టమన్నారు. లోపలికి వెళ్లి, ఒకరి తర్వాత ఒకరిని ఆ కిటికీ గుండా బయటకు నెట్టారు. ఆయన సాయంతో సుమారు 12 మంది బయటపడ్డారు. ఆయన బయటకు రాలేదు. ఆ ఓడపై మొత్తం 429 మంది మరణించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన తొలి అమెరికన్ చాప్లెయిన్‌గా ష్మిట్‌ను పేర్కొంటారు. అదే ఉదయం 'అరిజోనా' యుద్ధనౌకపై ప్రొటెస్టెంట్ చాప్లెయిన్ థామస్ కిర్క్‌పాట్రిక్ కూడా మరణించారు. ష్మిట్ అవశేషాలు ఇతరుల అవశేషాలతో కలిసిపోయి దశాబ్దాలపాటు గుర్తించలేని స్థితిలో హవాయిలో ఉండిపోయాయి. డీఎన్ఏ పరీక్షల ద్వారా గుర్తించి 2016లో ఆయన చదివిన కళాశాల చాపెల్‌లో ఖననం చేశారు. 2017లో ఆయనకు సిల్వర్ స్టార్ పతకం ప్రదానం చేశారు.

జోసెఫ్ ఒకలాహన్ (1905–1964): బోస్టన్‌లో పుట్టి, 1922లో యేసు సభలో చేరి, 1934లో గురుపట్టం పొందారు. వూస్టర్ నగరంలోని హోలీక్రాస్ కళాశాలలో గణితశాస్త్ర విభాగానికి నాయకత్వం వహించారు. 1940 ఆగస్టులో 35 ఏళ్ల వయసులో నౌకాదళంలో చేరారు. 'రేంజర్' విమానవాహక నౌకపై ఉత్తర ఆఫ్రికా, నార్వే తీర దాడుల్లో పనిచేశారు. మేరీనోల్ సభలో సన్యాసిని అయిన ఆయన చెల్లెలు ఆ కాలంలో ఫిలిప్పీన్స్‌లో జపాన్ నిర్బంధంలో ఉన్నారు. చాలాకాలం ఆమె క్షేమ సమాచారం కుటుంబానికి అందలేదు.

1945 మార్చి ఆరంభంలో ఆయన 'ఫ్రాంక్లిన్' విమానవాహక నౌకలో చేరారు. మార్చి 19 ఉదయం ఏడు గంటలు దాటాక, జపాన్ తీరానికి సుమారు 50 మైళ్ల దూరంలో ఉండగా, ఒక జపాన్ విమానం ఆ నౌకపై రెండు బాంబులు వేసింది. ఇంధనం, బాంబులు, రాకెట్లు నింపుకొని ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు అంటుకున్నాయి. గంటల తరబడి పేలుళ్లు కొనసాగాయి. అప్పుడు ఒకలాహన్ అధికారుల భోజనశాలలో ఉదయపు ఫలహారం చేస్తున్నారు. పొగ నిండిన దారుల్లో తడుముకుంటూ పైకి చేరుకున్నారు. ఇనుప తునక తగిలి తానూ గాయపడ్డారు. చనిపోతున్నవారికి అభ్యంగనం ఇచ్చారు, అన్ని మతాలవారికీ ధైర్యం చెప్పారు. ఆ తర్వాత నావికులను కూడగట్టి మంటలార్పే బృందాలుగా నడిపించారు. ఒరిగిన డెక్‌పై అటూ ఇటూ దొర్లుతున్న వేడి బాంబులను చల్లార్చేందుకు నీటిగొట్టం పట్టుకున్నారు. పేలడానికి సిద్ధంగా ఉన్న మందుగుండును సముద్రంలోకి పారవేయించారు, మందుగుండు గదిని నీటితో తడిపించారు. ఓడపై ఉన్న మెథడిస్ట్ చాప్లెయిన్ గ్రైమ్స్ గాట్లిన్ కూడా గాయపడినవారి సేవలో పాల్గొన్నారు.

అధికారిక లెక్కల ప్రకారం ఆ రోజు 724 మంది మరణించారు, 265 మంది గాయపడ్డారు. తర్వాతి పరిశోధనలు మృతుల సంఖ్య 800 దాటిందని తేల్చాయి. గాయపడి పడివున్న ఒక నావికుడికి ఒకలాహన్ అంతిమ సంస్కారం ఇస్తున్న ఫోటో ఆ యుద్ధంలో ఎక్కువగా ప్రచారమైన చిత్రాల్లో ఒకటి. ఆ నావికుడు తర్వాత కోలుకున్నాడు. ఓడ మునగలేదు. సొంత ఇంజన్ల బలంతో న్యూయార్క్ చేరింది.

1946 జనవరి 23న అధ్యక్షుడు ట్రూమన్ ఒకలాహన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ అందజేశారు. ఈ పతకం పొందిన తొలి నౌకాదళ చాప్లెయిన్ ఆయనే. 1948లో హోలీక్రాస్‌కు తిరిగివచ్చి తత్వశాస్త్రం బోధించారు. మరుసటి సంవత్సరం పక్షవాతం రావడంతో బోధన ఆగిపోయింది. ఫ్రాంక్లిన్ అనుభవాలపై ఆయన పుస్తకం 1956లో వెలువడింది. 1964 మార్చి 18న మరణించారు. ఆయన పేరు పెట్టిన యుద్ధనౌకను 1965లో నీటిలోకి దించినప్పుడు నామకరణం చేసింది ఆయన చెల్లెలే.

థామస్ కాన్వే (1908–1945): కనెక్టికట్‌లోని వాటర్‌బరీలో పుట్టి, బఫెలో మేత్రాసనానికి గురువయ్యారు. 1942లో నౌకాదళంలో చేరి, 1944 ఆగస్టు నుంచి 'ఇండియానాపొలిస్' క్రూజర్‌పై పనిచేశారు. 1945 మార్చి చివర ఒకినావా దగ్గర ఆత్మాహుతి విమాన దాడిలో ఆ ఓడపై తొమ్మిది మంది మరణించినప్పుడు, తన సెలవు దినాల్లో వారి కుటుంబాలను చూసివచ్చారు. అణుబాంబు భాగాలను టినియన్ దీవికి చేరవేసి వెళుతున్న ఆ ఓడను జులై 30 అర్ధరాత్రి దాటాక 'ఐ-58' అనే జపాన్ జలాంతర్గామి టార్పెడోలతో కొట్టింది. పన్నెండు నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. సుమారు 1,195 మందిలో దాదాపు 900 మంది నీటిలో మిగిలారు. ఓడ చేరలేదని ఎవరూ గమనించకపోవడంతో సాయం రాలేదు. దాహం, ఎండ, సొరచేపలు, మతిభ్రమల మధ్య కాన్వే మూడు రోజులపాటు ఒక గుంపు నుంచి మరో గుంపుకు ఈదుతూ ప్రార్థనలు చేయించారు, చనిపోతున్నవారికి అంతిమ ప్రార్థనలు చెప్పారు. చివరికి సత్తువ ఉడిగి ఆయనా మరణించారు. 316 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిలో ఓడ వైద్యుడు లూయిస్ హేన్స్ ఒకరు. 2021లో కాన్వేకు మరణానంతరం నేవీ క్రాస్ ప్రకటించారు.

విన్సెంట్ కపొడానో (1929–1967): న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలాండ్‌లో పుట్టారు. 1958లో మేరీనోల్ సభ గురువై తైవాన్‌లో పనిచేశారు. 1965 చివర నౌకాదళంలో చేరి, మెరైన్లతో వియత్నాం వెళ్లారు. అక్కడి గడువు ముగిశాక మరికొంత కాలం ఉంటానని కోరి తిరిగివచ్చారు. 1967 సెప్టెంబరు 4న క్వే సన్ లోయలో జరిగిన పోరులో గాయపడి కూడా చికిత్స నిరాకరించి, గాయపడిన వైద్య సహాయకుడి దగ్గరకు వెళుతూ తుపాకీ గుండ్లకు బలయ్యారు. 1969లో మరణానంతరం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేశారు. 2006లో శ్రీసభ ఆయనను 'దైవ సేవకుడు'గా ప్రకటించింది. పునీత పట్టం దిశగా ఇది తొలి మెట్టు.

ఇతర మతశాఖల చాప్లెయిన్లతో సంబంధం

నౌకాదళ చాప్లెయిన్ల పనిలో మతశాఖల మధ్య సహకారం అనివార్యం. ఒక ఓడపై గురువు మాత్రమే ఉంటే ప్రొటెస్టెంట్ల, యూదుల ఆరాధనకు ఏర్పాట్లు కూడా అతనే చూసేవాడు. పాస్టర్ మాత్రమే ఉంటే కథోలికులతో జపమాల చెప్పించేందుకు ఒక నావికుడిని నియమించేవాడు. ఇటువంటి సహకారం రెండో వాటికన్ మహాసభ (1962–1965) కంటే ముందే ఓడలపై అలవాటుగా మారింది. త్యాగాలు కూడా ఒక శాఖకు పరిమితం కాలేదు. 1942 మార్చిలో సుందా జలసంధిలో 'హ్యూస్టన్' క్రూజర్ మునిగినప్పుడు ప్రెస్బిటేరియన్ చాప్లెయిన్ జార్జ్ రెంట్జ్ తన లైఫ్ జాకెట్‌ను గాయపడిన ఒక యువ నావికుడికి ఇచ్చి మరణించారు.

విమర్శలు, నైతిక చర్చ

ద్వంద్వ విధేయత: క్రీస్తు శాంతిని బోధించే గురువు సైన్యం జీతం తీసుకుంటూ యుద్ధ విధానాన్ని విమర్శించగలడా అనేది ప్రధాన ప్రశ్న. చాప్లెయిన్ ఉనికి యుద్ధానికి మతం ఆమోదముద్ర వేసినట్లు కనిపిస్తుందని విమర్శకులు అంటారు. చావుకు దగ్గరగా ఉన్నవారికి సంస్కారాలు అందకుండా చేయడం అన్యాయమని, చాప్లెయిన్ సేవ చేసేది మనిషికే గానీ యుద్ధానికి కాదని సమర్థకులు చెబుతారు.

ఈ చర్చ కొందరి జీవితాల్లోనే కనిపిస్తుంది. జపాన్‌పై అణుబాంబులు వేసిన వైమానిక దళ విభాగానికి టినియన్ దీవిలో కథోలిక చాప్లెయిన్‌గా ఉన్న జార్జ్ జబెల్కా తర్వాత తన మౌనానికి పశ్చాత్తాపపడి యుద్ధ వ్యతిరేకిగా మారారు. 1952లో నౌకాదళంలో చేరి, 1975 నుంచి 1979 వరకు నౌకాదళ చాప్లెయిన్ల అధిపతిగా ఉండి, తర్వాత న్యూయార్క్ కార్డినల్ అయిన జాన్ ఒకానర్ వియత్నాం యుద్ధాన్ని సమర్థిస్తూ 1968లో పుస్తకం రాశారు. ఆ తర్వాత దాన్ని రాయకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నారు.

రాజ్యాంగ చర్చ: ప్రభుత్వం మతాన్ని స్థాపించరాదనే అమెరికా రాజ్యాంగ నియమానికి చాప్లెయిన్ల వ్యవస్థ విరుద్ధమని 1979లో వేసిన కాట్కాఫ్ కేసులో వాదించారు. ఇళ్లకు దూరంగా పంపిన సైనికులకు మతస్వేచ్ఛ దక్కాలంటే ఇటువంటి ఏర్పాటు అవసరమని 1985లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ వ్యవస్థను సూత్రప్రాయంగా సమర్థించింది.

స్మృతి చిహ్నాలు

ష్మిట్, ఒకలాహన్, కపొడానోల పేర్లతో అమెరికా నౌకాదళంలో యుద్ధనౌకలు పనిచేశాయి. హోలీక్రాస్ కళాశాల విజ్ఞానశాస్త్ర గ్రంథాలయానికి ఒకలాహన్ పేరు పెట్టారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలోని చాప్లెయిన్ల గుట్టపై, విధి నిర్వహణలో మరణించిన కథోలిక చాప్లెయిన్ల పేర్లతో 1989లో స్మారక శిల నెలకొల్పారు.

ప్రస్తుత స్థితి

అమెరికాలో గురువుల సంఖ్య తగ్గడంతో సైన్యంలోనూ కథోలిక చాప్లెయిన్ల కొరత ఏర్పడింది. ఒక్కో గురువు అనేక ఓడలకు, స్థావరాలకు సేవలందిస్తున్నారు. గురువు అందుబాటులో లేని ఓడల్లో శిక్షణ పొందిన గృహస్థ విశ్వాసులు ఆదివారం వాక్యపఠనం, ప్రార్థనలు నడుపుతారు. పాపవిమోచనం, అభ్యంగనం ఇచ్చే అధికారం మాత్రం శ్రీసభ నియమం ప్రకారం గురువుకే ఉంది కాబట్టి, ఆ రెండింటి కోసం ఓడలు నేటికీ గురువు రాక కోసం ఎదురుచూస్తాయి.